చేప ఒంటిమీద వల గుర్తులు

సభకు నమస్కారం.

చేపల బుట్ట ముందు నిలబడినప్పుడు మనం అడిగే ప్రశ్నలు సాధారణంగా రెండే. తాజాదేనా అన్నది మొదటిది, దగ్గరి సముద్రంలో పట్టిందేనా అన్నది రెండోది. రెండూ అడగవలసినవే. అయితే రెండింటికీ అవుననే జవాబు వచ్చినంత మాత్రాన, ఆ చేప సముద్రానికి చేటు చేయకుండా మన సంచిలోకి వచ్చిందని అనుకోవడానికి వీల్లేదు. తెల్లవారుజామున ఒడ్డు చేరిన చేప, తీరానికి కనుచూపు మేరలోనే పట్టిన చేప, సముద్రపు అడుగు నేలను గీకి తెచ్చిన చేప కూడా కావచ్చు. అందుకే మూడో ప్రశ్న కూడా అడగాలని నా మనవి: దీన్ని దేనితో పట్టారు? అమ్మేవారికి జవాబు తెలియకపోయినా, చాలాసార్లు ఆ జవాబు చేప ఒంటిమీదే ఉంటుంది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఈ మూడో ప్రశ్న గురించే. కాని తాజాదనానికీ, పట్టిన పద్ధతికీ విడదీయలేని సంబంధం ఉంది కనుక తాజాదనంతోనే మొదలుపెడతాను.

చేప చనిపోయిన కొన్ని గంటలకు ఒళ్ళు బిగుసుకుంటుంది, ఆ తర్వాత మళ్ళీ సడలుతుంది. బిగువు సడలాక లోపలి ఎంజైములూ, పైనున్న సూక్ష్మజీవులూ మాంసాన్ని మెత్తబరచడం మొదలుపెడతాయి. సముద్రపు చేపల కండలో సహజంగా ఉండే ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అనే పదార్థాన్ని ఈ సూక్ష్మజీవులు ట్రైమిథైలమైన్‌గా మారుస్తాయి. మనం నీచు కంపు అనేది ప్రధానంగా దీనివల్ల పుట్టిందే. అప్పుడే పట్టిన చేపకు ఆ కంపు ఉండదు, సముద్రపు గాలి వాసన మాత్రమే ఉంటుంది. సొర, టేకు జాతుల చేపల ఒంట్లో యూరియా ఎక్కువగా ఉంటుంది కనుక అవి నిలవైతే అమోనియా వాసన వేస్తాయి. ఈ మార్పులన్నిటి వేగాన్నీ నిర్ణయించేది వేడి. సున్నా డిగ్రీల దగ్గర ఉంచిన చేపకంటే పది డిగ్రీల దగ్గర ఉంచినది సుమారు నాలుగు రెట్లు వేగంగా పాడవుతుంది. కాబట్టి చేప ఎన్ని గంటల క్రితం పట్టినదన్న లెక్కకంటే, ఆ గంటలన్నీ అది ఎక్కడ గడిపిందన్నది ముఖ్యం. పడవలోకి రాగానే ఐసులో పెట్టిన మూడు రోజుల చేప, ఎండలో బుట్టలో ఉదయమంతా గడిపిన అదే రోజు చేపకంటే మేలైనదై ఉండవచ్చు.

కన్ను ఉబ్బెత్తుగా, నల్లగుడ్డు స్పష్టంగా, పైపొర పారదర్శకంగా ఉండాలన్న సంగతి చాలామందికి తెలుసు. మొప్ప ఎత్తి చూసి ఎర్రగా ఉంటే తృప్తిపడతాం. కాని మొప్పకు రంగు పూయవచ్చు, సూర (ట్యూనా) చేప ముక్కలకు కార్బన్ మోనాక్సైడ్ పట్టించి రోజుల తరబడి ఎర్రదనం నిలపవచ్చు. అందువల్ల ఏ ఒక్క గుర్తునూ నమ్ముకోకండి. మొప్పల మధ్య జిగురు నీళ్ళలా తేటగా ఉందా, తెల్లగా చిక్కబడిందా అన్నది చూడండి, వాసన కూడా అక్కడే చూడండి. వేలితో నొక్కితే గుంట పూడాలి. పొట్ట గట్టిగా ఉండాలి, ఎందుకంటే కవ్వలు, నెత్తళ్ళ వంటి చిన్న చేపలు ముందుగా పాడయ్యేదీ చిరిగేదీ పొట్ట దగ్గరే. పీతలు, ఆలిచిప్పలు ప్రాణంతో ఉన్నవే కొనాలి. తెరుచుకున్న చిప్పను తట్టినప్పుడు అది మూసుకోకపోతే వదిలేయండి. సూర, కానాగుర్తలు, కవ్వల విషయంలో ఇంకొక జాగ్రత్త ఉంది. చల్లదనం తప్పితే వాటి మాంసంలో హిస్టమిన్ అనే ఒంటికి పడని పదార్థం తయారవుతుంది. అది వంటలో ఎంత ఉడికించినా పోదు, ఒక్కోసారి వాసనకూ తెలియదు. ఆ చేపల్ని ఐసు లేని చోట కొనకపోవడమే మంచిది.

ఇక వల గుర్తుల సంగతికి వస్తాను. రెండు చేపల్ని పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదాని పెదవి దగ్గర చిన్న చిల్లు ఉంది, పొలుసులు దాదాపు అన్నీ ఉన్నాయి, ఒళ్ళు మెరుస్తోంది. అది గాలానికి పడింది, ప్రాణంతో పడవలోకి వచ్చింది, బహుశా వెంటనే రక్తం తీసి ఐసులో పెట్టి ఉంటారు. రెండోదానికి మొప్పల వెనుక చుట్టూ దారం ఒరుసుకున్న చార ఉంది, ఆ చార వెంట పొలుసు ఊడిపోయింది. అది గిల్‌నెట్‌లో, అంటే చేప తల దూరాక మొప్పల దగ్గర బిగుసుకుపోయే వలలో పడింది. ఆ వలను గంటలోపే ఎత్తి ఉంటే చేప బాగానే ఉంటుంది. రాత్రంతా వదిలేసి ఉంటే నీళ్ళలోనే చనిపోయి, పైకి తీసేసరికే మెత్తబడి ఉంటుంది. ఇక మూడో రకం చేప ఉంటుంది. పొలుసు అక్కడక్కడా పూర్తిగా రాలిపోయి, రెక్కలు చిరిగి, ఒక పక్క నలిగి, మొప్పల్లో బురదో ఇసుకో చేరి ఉంటుంది. వల చివరి సంచిలో మిగతా చేపల బరువు కింద గంటల తరబడి ఈడ్చుకుపోతే అలా అవుతుంది. ఈ గుర్తులు ప్రతిసారీ కచ్చితమైన సాక్ష్యాలని నేను అనను, బేరం మధ్యలో చేతులు మారినప్పుడు కూడా చేప నలుగుతుంది. అయినా కొన్నాళ్ళు శ్రద్ధగా చూస్తే కంటికి అలవాటవుతుంది.

ఆ మూడో రకం చేపను పట్టే ట్రాల్ వల గురించి కాస్త ఎక్కువ సేపు చెప్పాలి. గరాటు ఆకారంలో ఉండే ఈ పెద్ద వలను మర పడవ వెనుక కట్టి ఈడుస్తారు. నోరు తెరుచుకుని ఉండడానికి రెండు వైపులా బరువైన పలకలుంటాయి, కింది అంచుకు గొలుసులో, దొర్లే చక్రాలో కట్టి ఉంటాయి. అడుగునుండే రొయ్యలూ, బల్లపరుపు చేపలూ లేచి వలలో పడాలంటే ఆ బరువు నేలను తాకుతూ పోవాలి. దీనిమీద అభ్యంతరం నిన్న మొన్న పర్యావరణవాదులు లేవదీసింది కాదు. 1376లో ఇంగ్లండు పార్లమెంటుకు కొందరు ఒక విన్నపం పెట్టుకున్నారు. కొత్తగా వచ్చిన ఒక వలకు కట్టిన ఇనుము నేలను బలంగా నొక్కి నీటి అడుగున పెరిగేవాటిని నాశనం చేస్తోందనీ, వల కళ్ళు మరీ చిన్నవి కావడంతో పిల్లచేపలు కూడా తప్పించుకోలేకపోతున్నాయనీ, ఆ చిన్న చేపలు పందులకు మేతగా పోతున్నాయనీ అందులో మొరపెట్టుకున్నారు. తెరచాప పడవల కాలంలోనే చెప్పిన ఈ మూడు మాటలకూ, ఇంజన్లు వచ్చాక బలం పెరిగిందే తప్ప తగ్గలేదు.

నష్టం అన్నిచోట్లా ఒకేలా ఉండదన్నది కూడా చెప్పాలి. తీరానికి దగ్గరగా, అలల తాకిడికి ఇసుక ఎప్పుడూ కదులుతూ ఉండే చోట బతికే జీవులు కలతకు అలవాటుపడినవి, అక్కడ నేల త్వరగానే కోలుకుంటుంది. లోతైన చల్లని నీళ్ళలో పెరిగే పగడపు దిబ్బల సంగతి వేరు. అవి ఏడాదికి మిల్లీమీటర్ల లెక్కన పెరుగుతాయి, కొన్ని దిబ్బల వయసు వేల సంవత్సరాలు. ఒక్కసారి గొలుసు వాటి మీదుగా పోతే మన మనవల కాలానికి కూడా తిరిగి రావు. ఆ లోతుల్లో తిరిగే ఆరెంజ్ రఫీ అనే చేప గుడ్లు పెట్టే వయసుకు రావడానికే సుమారు ముప్ఫై ఏళ్ళు పడుతుంది, నూరేళ్ళు దాటి బతుకుతుంది. న్యూజిలాండు, ఆస్ట్రేలియా పరిసరాల్లో వీటి గుంపుల మీద ట్రాల్ వలలు పడ్డాక చాలాచోట్ల కొన్నేళ్ళలోనే నిల్వలు తరిగిపోయాయి. యూరోపియన్ యూనియన్ 2016లో తన ఈశాన్య అట్లాంటిక్ జలాల్లో 800 మీటర్లకు మించిన లోతులో అడుగు ట్రాలింగును నిషేధించడానికి ఇలాంటి అనుభవాలే కారణం.

ట్రాల్ వలతో వచ్చే రెండో చిక్కు, అక్కరలేనివి పడడం. రొయ్య చిన్నది కనుక దానికోసం వాడే వల కన్ను కూడా చిన్నదే కావాలి. అంత చిన్న కన్నులోంచి పిల్లచేపలు కూడా తప్పించుకోలేవు. ఉష్ణమండలపు రొయ్యల వేటలో, దొరికిన రొయ్యల బరువుకు ఎన్నో రెట్లు ఇతర జీవులు పడడం మామూలు. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 2019లో ప్రచురించిన అంచనా ప్రకారం ప్రపంచం మొత్తం మీద ఏటా సుమారు 91 లక్షల టన్నుల పట్టుబడిని, చాలావరకు చచ్చిన తర్వాతే, తిరిగి సముద్రంలో పారేస్తున్నారు. అందులో 46 శాతం అడుగు ట్రాల్ వలల వాటా. అయితే ఇక్కడ పరిష్కారాలు లేకపోలేదు. వల మెడలో ఏటవాలుగా ఇనుప కమ్మీల చట్రం బిగిస్తే రొయ్యలు కమ్మీల మధ్య నుంచి సంచిలోకి పోతాయి, తాబేలు కమ్మీలకు తగిలి పక్కనున్న దారిలోంచి బయటపడుతుంది. తాబేళ్ళను కాపాడే ఇలాంటి ఏర్పాట్లు లేని దేశాల నుంచి సముద్రంలో పట్టిన రొయ్యల దిగుమతిని అడ్డుకుంటూ అమెరికా 1989లో చట్టం చేసింది. దాని వెనుక వాణిజ్య ప్రయోజనాలు కూడా ఉన్నాయని వాదించినవారున్నారు, ఆ తగాదా ప్రపంచ వాణిజ్య సంస్థ దాకా వెళ్ళింది. ఏదేమైనా ఆ చట్రం చాలా దేశాల పడవల్లోకి ఎక్కడానికి కొనుగోలుదారు పెట్టిన షరతే కారణమైందన్నది నిజం.

గిల్‌నెట్ నేలను గీకదు, ఒక కొలత కన్నుకు దాదాపు ఒక కొలత చేపే పడుతుంది, డీజిలు ఖర్చు తక్కువ. చిన్న పడవలవారికి ఇది అందుబాటులో ఉండే సాధనం. కాని గాలి పీల్చుకోవడానికి పైకి రావలసిన జంతువు ఆ కనబడని నైలాను దారంలో చిక్కుకుంటే ఊపిరాడక చస్తుంది. మెక్సికోలోని కాలిఫోర్నియా సింధుశాఖ ఉత్తర భాగంలో మాత్రమే ఉండే వకీటా అనే చిన్న సముద్రపు క్షీరదం ఇప్పుడు పదికి మించి మిగిలి ఉండకపోవచ్చు. దాన్నెవరూ వేటాడలేదు. తొటోవాబా అనే చేప గాలితిత్తికి విదేశీ బజారులో పలికే విపరీతమైన ధర కోసం దొంగతనంగా వేసిన గిల్‌నెట్‌లలో అది పడి చచ్చింది. నడిసముద్రంలో పదుల కిలోమీటర్ల పొడవున వేలాడదీసిన తేలుడు వలల్ని 1992 చివరికల్లా ఆపాలని ఐక్యరాజ్య సమితి సాధారణ సభ తీర్మానించింది. తెగిపోయిన నైలాను వల ఎన్నో ఏళ్ళ పాటు చివికిపోదు. పట్టేవాడు లేకపోయినా అది పడుతూనే ఉంటుంది.

గుంపులుగా తిరిగే చేపల్ని చుట్టుముట్టి అడుగు తాడు బిగించే చుట్టువల, సరైన గుంపు మీద వేస్తే, శుభ్రమైన పద్ధతే. కాని దీని చరిత్రలో ఒక పాఠం ఉంది. తూర్పు పసిఫిక్‌లో సూర చేపలు డాల్ఫిన్ల కింద ఈదుతాయి. డాల్ఫిన్ల గుంపు చుట్టూ వల వేసి కిందనున్న సూరల్ని పట్టే అలవాటు వల్ల 1960లలో ఏటా లక్షల సంఖ్యలో డాల్ఫిన్లు చనిపోయాయి. జనం ఆగ్రహించారు, అమెరికాలో 1972లో సముద్ర క్షీరదాల రక్షణ చట్టం వచ్చింది, 1990లో డబ్బాల మీద డాల్ఫిన్లకు హాని లేదన్న ముద్ర వచ్చింది. పడవలవాళ్ళు డాల్ఫిన్లను వదిలి, నీడ కోసం చేపలు చేరే తేలుడు తెప్పల చుట్టూ వలలు వేయడం పెంచారు. డాల్ఫిన్లు బతికాయి. కాని ఆ తెప్పల కింద సొరలు, తాబేళ్ళు, ఇంకా ఎదగని సూర పిల్లలు కూడా చేరతాయి కనుక వాటి చావులు పెరిగాయి. ఒక్క జంతువు పేరుతో ముద్ర వేస్తే మిగతా సముద్రం సంగతి ఆ ముద్ర చెప్పదని కొనేవారు గుర్తుపెట్టుకోవాలి.

చేతి గాలం, కర్ర గాలం విషయంలో నాకు పెద్ద ఫిర్యాదులు లేవు. ఒక్కొక్క చేపే వస్తుంది, అక్కరలేనిదాన్ని ప్రాణంతో వదలవచ్చు. పదుల కిలోమీటర్ల తాడుకు వేల గాలాలు కట్టి వదిలే పద్ధతి వేరు. ఎర మునిగేలోపే ఆల్బట్రాస్ పక్షులు దాన్ని మింగబోయి గాలానికి తగులుకుని మునిగిపోతాయి. దక్షిణ జార్జియా ద్వీపం చుట్టూ 1990లలో ఇలా వేల పక్షులు చనిపోయేవి. తాళ్ళకు బరువులు కట్టడం, రాత్రిపూట మాత్రమే వదలడం, పక్షుల్ని బెదిరించే రిబ్బన్లు పడవ వెనుక వేలాడదీయడం, పిల్లల్ని పెంచే కాలంలో వేట ఆపడం, ఈ నాలుగూ కలిసి పదేళ్ళలో ఆ చావుల్ని దాదాపు సున్నాకు తెచ్చాయి. బోనులు పెట్టి పట్టే పద్ధతికి వస్తే, అమెరికాలోని మెయిన్ తీరపు లాబ్‌స్టర్ వేటగాళ్ళ పద్ధతి నాకు ఎంతో నచ్చుతుంది. గుడ్లు మోస్తున్న ఆడది బోనులో పడితే దాని తోక రెక్కకు చిన్న గాటు పెట్టి వదిలేస్తారు. తర్వాత అది గుడ్లు లేకుండా మరొకరి బోనులో పడ్డా, ఆ గాటు చూసి వదలాలన్నది చట్టం. మరీ చిన్నవాటినే కాదు, మరీ పెద్దవాటిని కూడా వదలాలి. అయితే అదే సముద్రంలో బోనుల తాళ్ళకు రైట్ తిమింగిలాలు చుట్టుకుపోతున్నాయి. ఏ సాధనమూ పూర్తిగా నిర్దోషి కాదు.

ఇప్పుడు దగ్గరి చేప అన్న మాట. దూరం తగ్గితే రవాణా పొగ తగ్గుతుందన్నది నిజమే, ముఖ్యంగా విమానంలో వచ్చే తాజా చేపతో పోల్చినప్పుడు. కాని చేప విషయంలో ఇంధనంలో పెద్ద భాగం సాధారణంగా పట్టడంలోనే ఖర్చవుతుంది. కవ్వల వంటి చిన్న చేపల గుంపుల్ని చుట్టువలతో పట్టే పడవలు టన్నుకు వంద లీటర్ల లోపు డీజిలుతో పని ముగించగలవు. రొయ్యల కోసం వల ఈడ్చే పడవలకు టన్నుకు వేల లీటర్లు కావాలి. పక్క రేవులోని ట్రాల్ రొయ్యకంటే, చుట్టువలలో పట్టి, పడవలోనే గడ్డకట్టించి, ఓడలో వచ్చిన చిన్న చేప భూమికి తక్కువ భారం కావడం అసాధ్యం కాదు. గడ్డకట్టించిన చేప అంటే రెండో రకం అన్న అభిప్రాయాన్ని కూడా మార్చుకోవాలి.

మరి దగ్గరి చేపకు విలువ లేదా? ఉంది, అయితే అది కిలోమీటర్లలో లేదు. ఎవరు పట్టారో, ఎలా పట్టారో అడిగి తెలుసుకునే వీలు దగ్గర ఉంటుంది. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో 1968లో ఎనిమిది లక్షల టన్నులకు పైగా కాడ్ చేపను పట్టారు. 1980లలో తీరానికి దగ్గరగా చిన్న పడవల్లో తిరిగేవారు చేప తగ్గుతోందనీ, పడ్డది కూడా చిన్నదవుతోందనీ చెబుతూ వచ్చారు. మిగిలిన కాడ్ గుంపులు కట్టి ఒకేచోట చేరడంతో పెద్ద ట్రాలర్లకు వల నిండుతూనే ఉంది, ఆ లెక్కలు చూసి అధికారులు నిల్వలు బాగున్నాయనుకున్నారు. 1992 జూలై 2న వేట నిషేధించేసరికి ఆ చేప దాదాపు అడుగంటింది, ముప్ఫై వేల మంది పని కోల్పోయారు. ఆ నిషేధం 2024లో గాని తొలగలేదు. రేవులో పడవ దిగినవారితో మాట్లాడే కొనుగోలుదారుకు ఇలాంటి సంగతి లెక్కల పుస్తకంకంటే ముందే చెవిన పడవచ్చు.

ఏం కొనాలన్న ప్రశ్నకు నా జవాబు ఇది. త్వరగా పెరిగి త్వరగా గుడ్లు పెట్టే కవ్వలు, నెత్తళ్ళు, కానాగుర్తలు, వాటి నిల్వలు బాగున్న చోట, మొదట ఎంచుకోదగినవి. పెరూ తీరంలో నెత్తళ్ళను 1970లో కోటీ ఇరవై లక్షల టన్నులకు మించి పట్టి, రెండు మూడేళ్ళలో, సముద్రపు నీళ్ళు వేడెక్కే ఎల్‌నినో కూడా తోడై, వేట కుప్పకూలిన ఉదంతం ఉంది కనుక చిన్న చేప తరగనిదని అనుకోకూడదు. పెంచిన ఆలిచిప్పలకు మేత వేయనక్కరలేదు, అవి నీటిని వడగట్టి బతుకుతాయి. పెంపకపు రొయ్యల చెరువు గురించైతే మేతలో చేపపొడి ఎంత, చెరువు తవ్వడానికి మడ అడవి నరికారా అన్నది అడగాలి. పిల్లచేపలు, గుడ్లతో ఉన్న పీతలు ఎంత చవకైనా తీసుకోకండి. అలాగే ఆ జాతిలో అతి పెద్ద చేపే గొప్పదన్న మోజు కూడా వద్దు. రెట్టింపు బరువున్న తల్లిచేప రెట్టింపుకంటే ఎక్కువ గుడ్లు పెడుతుంది. నడిమి సైజు చేప కొనడం రుచికీ, సముద్రానికీ కూడా తగినది.

దేనితో పట్టారని అడిగితే అమ్మేవారు ముఖం చిట్లించవచ్చు. ఆ ప్రశ్న వింతది కాదు. యూరోపియన్ యూనియన్‌లో 2014 డిసెంబరు నుంచి అమ్మకానికి పెట్టిన తాజా చేప దగ్గర జాతి పేరు, పట్టిన ప్రాంతం, గడ్డకట్టించి కరిగించిందా అన్న వివరంతో పాటు ఏ రకం సాధనంతో పట్టారన్నది కూడా రాయాలి. 1997లో మొదలైన మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ అనే సంస్థ, వేట పద్ధతిని పరీక్షించి ఇచ్చే నీలి ముద్ర కూడా పరిశీలనకు పనికొస్తుంది. అయితే ఆ పరీక్షల ఖర్చు భరించలేని చిన్న వేటగాళ్ళకు అది అందదు, ముద్ర లేనంత మాత్రాన చేప చెడ్డది కాదు. అలాంటివారికి పనికివచ్చే మరో ఏర్పాటు ఉంది. మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్ క్లైడ్‌లో 2007లో వేటగాళ్ళు కొన్ని కుటుంబాల దగ్గర ముందుగానే డబ్బు తీసుకుని, సీజను పొడుగునా వాటా ప్రకారం పట్టుబడిని ఇచ్చే పద్ధతి మొదలుపెట్టారు. ఫలానా చేపే కావాలని పట్టుబట్టకుండా ఆ వారం ఏది పడితే అది తీసుకోవడం అందులో షరతు. మీలో నలుగురైదుగురు కుటుంబాలవారు కలిసి ఒక చిన్న పడవవారితో ఇలాంటి ఒప్పందం చేసుకోవాలనుకుంటే, మాట్లాడవలసినవి కొన్నే ఉంటాయి: వల కన్ను ఎంత, గుడ్ల కాలంలో ఏ చేపను వదిలేస్తారు, పడవలో ఐసు పెట్టె ఉందా, తక్కువ పడిన వారం ధర ఎలా. ఐసు పెట్టె లేకపోతే దాని ఖర్చును ముందు ఇచ్చే డబ్బులో కలిపి ఇవ్వండి.

ఇక మీ ప్రశ్నలు వింటాను.